ఎండ నేలలో మందను నిలిపిన మనిషి
రాబర్ట్ క్లెబర్గ్ జీవితం నుండి పశుపోషకులకు కొన్ని పాఠాలు

అమెరికా దేశంలో టెక్సాస్ రాష్ట్రపు దక్షిణ భాగాన, రియో గ్రాండ్ నదికి ఉత్తరంగా, సముద్రతీరం వెంబడి విశాలమైన మైదానం ఒకటి ఉన్నది. పూర్వం దానికి ‘అడవి గుర్రాల ఎడారి’ అని పేరు. ఏడాదికి సరాసరి 27 అంగుళాల వాన కురుస్తుంది. అనగా మన కర్నూలు ప్రాంతపు వానకు దగ్గర. అయితే అది వేళకు కురవదు, కురిసిన నీరు ఎండకు నిలవదు. ఇసుకనేల, ముళ్లకంప, నాగజెముడు, వేడిగాలి ఆ సీమ లక్షణాలు. అటువంటి చోట 50 ఏళ్లకు పైగా మందను పోషించి, కొత్త పశుజాతినొకదానిని రూపొందించిన మనిషి రాబర్ట్ జస్టస్ క్లెబర్గ్. ఆయన 1896లో కార్పస్ క్రిస్టీ పట్టణంలో పుట్టి 1974 అక్టోబరులో కాలం చేసినారు.

లక్షల ఎకరాల యజమాని కథ రెండెకరాల రైతుకు దేనికి పనికివచ్చునని కొందరికి సందేహం కలుగవచ్చును. ఆయన ఆస్తిని మనం అనుకరించలేము. కాని ఆయన పద్ధతిని అనుకరించవచ్చును. పశువు బక్కచిక్కినా, చూడి నిలవకపోయినా ఆయన ముందుగా పశువును నిందించలేదు. దానికి ఏమి కొరవడినదో వెదకినారు. ఆయన పని మొత్తం ఈ ఒక్క అలవాటు నుండి పుట్టినదే. పైగా ఆయన మందలో మన దేశపు పశువుల రక్తం ఉన్నది, ఆయన నరికిన ముళ్లచెట్టుకు చుట్టము మన బీళ్లలోనూ ఉన్నది. కావున ఈ జీవితం మనకు అంత దూరపుది కాదు.

ఇల్లు, అప్పు, బాధ్యత

ఆయన తల్లికి తండ్రి అయిన రిచర్డ్ కింగ్ 1853లో అక్కడ మొదటి భూమి కొన్నాడు. 1848లో ఆ సీమ మెక్సికో నుండి అమెరికా ఏలుబడిలోకి వచ్చిన పిమ్మట స్పానిషు భాష మాట్లాడే పాత భూస్వాములు అనేకులు తమ భూములు పోగొట్టుకున్నారు. కింగ్ గారి ఆస్తి విస్తరించినది ఆ కాలంలోనే. ఈ సంగతి మరుగుపరచరానిది. 1885లో ఆయన చనిపోవునాటికి లక్షల ఎకరాల భూమితోపాటు సుమారు 5 లక్షల డాలర్ల అప్పు కూడా మిగిలినది. ఆయన భార్య హెన్రియెట్టా, న్యాయవాది అయిన అల్లుడు కలిసి ఆ అప్పు తీర్చి ఆస్తిని నిలిపినారు. ఆ అల్లుడే మన రాబర్ట్ గారి తండ్రి. తండ్రీ కొడుకులిద్దరి పేరూ ఒకటే.

చిన్న రాబర్ట్ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయం చదువుచుండగా 1916లో తండ్రి ఆరోగ్యం చెడినది. చదువు పూర్తికాకుండానే ఆయన ఇంటికి వచ్చి పని తలకెత్తుకున్నారు. అప్పటికి వయసు 20 ఏళ్లు. 1925లో అమ్మమ్మ హెన్రియెట్టా 92వ ఏట చనిపోయినది. పెద్ద ఆస్తిపై పెద్ద పన్ను పడినది. వారసులు పలువురు. కొద్ది ఏళ్లకే దేశమంతటా ఆర్థికమాంద్యం వచ్చి పశువుల ధర పడిపోయినది. ఇల్లు ముక్కలగునా, నిలుచునా అన్న స్థితి ఏర్పడినది.

1933లో ఆయన ఒక చమురు కంపెనీకి భూమిలో చమురు వెదకుకొనే హక్కును కౌలుకిచ్చి, ఆ కంపెనీ వద్దనే అప్పు తెచ్చి పాత బాకీలు తీర్చినారు. 1934లో కుటుంబపు ఆస్తిని కంపెనీగా మార్చినారు. పంపకాలు జరిగిన తరువాత ఈ శాఖకు టెక్సాస్‌లో 8 లక్షల 25 వేల ఎకరాలు మిగిలినవి. తరువాతి కాలంలో ఆయన చేసిన ప్రయోగాలకు చమురు సొమ్ము అండగా నిలిచిన మాట వాస్తవం. కాని ముఖ్యమైన ప్రయోగాలలో కొన్ని చమురు రాకమునుపే, అప్పుల నడుమనే మొదలైనవి.

తండ్రి వేసిన పునాది

రాబర్ట్ గారు చేపట్టునాటికి రెండు పనులు తండ్రి చేసి ఉంచినారు. మొదటిది నీరు. తనంతట పైకి పొంగే లోతు బావిని 1899లో ఆయన ఆ క్షేత్రంలో త్రవ్వించినారు. దాని తరువాత అటువంటివి పలుచోట్ల వచ్చినవి. నీరు ఒక్కచోటనే ఉన్నచో మంద అంతయు అక్కడే చేరి చుట్టుపట్ల గడ్డిని వేళ్లతో సహా తొక్కివేయును. దూరాన ఉన్న గడ్డి ముదిరి వృథాయగును. పలుచోట్ల నీరున్నచో మేత సమంగా సాగును.

రెండవది పిడుదుల నిర్మూలన. పిడుదుల వలన వచ్చు జ్వరానికి దక్షిణ టెక్సాస్ పశువులు పేరుపడినవి. ఆ జ్వరాన్ని పిడుదులే వ్యాపింపజేయునని 1893లో అమెరికా శాస్త్రజ్ఞులు నిరూపించినారు. పశువులను మందునీటిలో ముంచి దాటించు తొట్లను ఆ దేశంలో మొదట కట్టినవారిలో క్లెబర్గుల పేరు ఉన్నది.

ఎముకలు నమలిన ఆవులు

ఆ పచ్చికలో పశువులు ఎముకలు, పుల్లలు నమలుచుండెడివి. కీళ్లు బిగిసి, అడుగు తీసి అడుగు వేయలేక ఈడ్చుకొని నడిచెడివి. ఆవులు ఏటేట ఈనెడివి కావు. కాపరులు దీనిని చాలకాలంగా చూచుచున్నారు. ఆకలి రోగమని కొందరు, జాతి దోషమని కొందరు అనుకున్నారు.

రాబర్ట్ గారు ప్రభుత్వ వ్యవసాయ శాఖ వారిని, టెక్సాస్ ప్రయోగశాల వారిని తన పొలానికి పిలిచి ప్రయోగానికి పశువులను, పచ్చికను ఇచ్చినారు. 1930ల చివర ఆరంభమైన ఈ పరిశోధనలో నేలలోను, గడ్డిలోను భాస్వరం లోపించినదని తేలినది. ఆవులను జట్లుగా విభజించి, ఒక జట్టుకు ఏమియు ఇవ్వక, మరొక జట్టుకు ఎముకల పొడిని, ఇంకొక జట్టుకు భాస్వరపు లవణాన్ని ఇచ్చి చూచినారు. భాస్వరం అందిన ఆవులు ఎక్కువగా చూడి కట్టినవి. వాటి దూడలు పాలు మానునాటికి ఎక్కువ బరువు తూగినవి. తరువాతి పరిశోధనలో తొట్టిలో ఎముకల పొడి పెట్టుట, త్రాగు నీటిలో లవణం కలుపుట, పచ్చికకు సూపర్ ఫాస్ఫేటు వేయుట అను మూడు పద్ధతులను పోల్చి చూచినారు. 1943లో ప్రభుత్వం ప్రచురించిన ప్రయోగ నివేదికలో శాస్త్రజ్ఞుల పేర్లతోపాటు రాబర్ట్ గారి పేరు కూడా రచయితగా ఉన్నది. పశువుల యజమానికి అది అరుదైన గౌరవం.

మన మెట్ట గ్రామాలలో పశువులు ఎముకలు, గోడలకున్న మట్టి, పాత చెప్పులు నమలుట రైతులెరిగినదే. కేవలం వరిగడ్డి మేపిన పశువులకు భాస్వరం చాలదు. దీనిని దురలవాటని కొట్టి మాన్పుటకు ప్రయత్నింపరాదు. తవుడులో భాస్వరం బాగుగా ఉన్నది. పెద్ద పశువుకు రోజుకు 50 గ్రాములు, దూడకు 25 గ్రాములు లవణ మిశ్రమం దాణాలో కలిపి పెట్టవలెను. ఒక హెచ్చరిక: ఆ రోజులలో వాడిన ఎముకల పొడిని నేడు పశువులకు పెట్టరాదు. 1986లో ఇంగ్లండులో బయటపడిన ‘పిచ్చి ఆవు జబ్బు’ మాంసపు, ఎముకల పొడి మేతల ద్వారా వ్యాపించినదని తరువాత తెలిసినది. దానికి బదులు డైకాల్షియం ఫాస్ఫేటు గల లవణ మిశ్రమాన్నే కొనవలెను.

మన పశువుల రక్తంతో కొత్త జాతి

ఇంగ్లండు నుండి వచ్చిన షార్ట్‌హార్న్, హెర్‌ఫర్డ్ జాతులు మాంసానికి మేలైనవే. కాని దక్షిణ టెక్సాస్ వేడికి అవి తాళలేదు. మధ్యాహ్నమంతయు రొప్పుచు నీడను వదలవు. పిడుదులు, ఈగలు వాటిని పీడించును. మన దేశపు మూపురపు పశువుకు పొట్టి నున్నని వెంట్రుక, వదులైన చర్మం, బాగుగా చెమటపట్టు గుణం ఉన్నవి. అది ఎండలోనే మేయును, పిడుదులను తట్టుకొనును. అమెరికా వారు భారతదేశపు పశువుల నుండి ‘బ్రాహ్మన్’ అను జాతిని తయారుచేసుకున్నారు. అందులో గుజరాత్ ప్రాంతపు కాంక్రేజి, గిర్ జాతులతోపాటు మన కృష్ణా లోయ పశువుల రక్తం, వారు ‘నెల్లూరు’ అని పిలిచే మన ఒంగోలు పశువుల రక్తం కలదు.

1918 ప్రాంతంలో క్లెబర్గులు 52 బ్రాహ్మన్ కోడెలను కొని తమ షార్ట్‌హార్న్ ఆవులపై వదలినారు. 1920లో ఒక ఎర్ర కోడెదూడ పుట్టినది. గంతులు వేయుచు ఆడుకొనుట వలన దానికి ‘మంకీ’, అనగా కోతి, అని పేరుపెట్టినారు. అది పెరిగి బలమైన ఆబోతు అయినది. దాని సంతతి దానివలెనే ఎర్రగా, కండపట్టి, ఎండకోర్చి పుట్టుట రాబర్ట్ గారు గమనించినారు. ఆ కోడె కుమారులను ఎన్నుకొని మందలో వాడుచు, గుణం స్థిరపడునట్లు దగ్గర రక్తంలోనే జత కలుపుచు వచ్చినారు. తక్కువరకం దూడలను నిర్దాక్షిణ్యంగా మందనుండి తీసివేసినారు. ‘మంకీ’ 1932లో చనిపోయినది. సుమారు ఐదుపాళ్లు షార్ట్‌హార్న్, మూడుపాళ్లు బ్రాహ్మన్ రక్తం గల ఈ పశువులను 1940లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రత్యేక జాతిగా గుర్తించినది. దానికి ‘శాంటా గర్ట్రూడిస్’ అని పేరు. నేటి ఆ జాతి పశువులన్నింటికి ‘మంకీ’ మూలపురుషుడు.

ఇచ్చట రైతులు గమనించవలసినది రెండు సంగతులు. మొదటిది, 1918 నుండి 1940 వరకు 22 ఏళ్లు పట్టినది. ఒక తరం మనిషి ఓపిక అందులో ఉన్నది. రెండవది, దగ్గర రక్తంలో జతకట్టుట వేలకొలది ఆవులుండి, చెడ్డవాటిని తీసివేయగల వారికే చెల్లును. పది ఆవులున్న ఊరిలో ఒకే ఆబోతును దాని కూతుళ్లపై వదలినచో దూడలు నానాటికి చిన్నవై, చూడి నిలవని ఆవులు పెరుగును. కావున ఆబోతు కూతుళ్లు ఎదకు వచ్చుసరికి, అనగా సుమారు మూడేళ్లకు, ఆబోతును మార్చవలెను.

ముళ్లచెట్టు, గడ్డి

ఆ సీమలో ‘మెస్కీట్’ అను ముళ్లచెట్టు పచ్చికను కబళించినది. పశువులు దాని తీపి కాయలను తిని, అరగని గింజలను పేడతో ఊరంతా చల్లును. మన సర్కారు తుమ్మ ఆ కుటుంబపు చెట్టే. దానిని 1877లో మన కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో మొదట నాటినారు. వంటచెరకుకు, బొగ్గుకు అది పనికివచ్చినది గాని, చెరువులను, బీళ్లను ఆక్రమించినది.

మెస్కీటును నేలమట్టానికి నరికినచో నేలలోపలి మొదలు మొగ్గల నుండి ఒకటికి నాలుగు కొమ్మలు లేచును. రాబర్ట్ గారు పెద్ద ట్రాక్టర్ల వెనుక వెడల్పు కత్తివంటి నాగలిని కట్టించి, మొగ్గలున్న మొదలుకు దిగువన వేరును కోయించినారు. సర్కారు తుమ్మకు కూడా ఇదే సూత్రం. గొడ్డలితో నరికి వదలరాదు. మొదలు చుట్టు అడుగు లోతు త్రవ్వి, మొగ్గలున్న భాగంతో సహా పెకలించవలెను. కాయలు రాలు కాలంలో పశువులను ఆ కంపలోకి తోలి, వెంటనే మంచి బీడుకు మళ్లించరాదు. కాయలను ఏరి, గింజ నలుగునట్లు పిండి పట్టించి కొద్దిగా దాణాలో కలిపినచో మేతయగును, గింజ మొలవదు.

కంప తీసిన నేలలో ఆయన అనేక గడ్డి రకాలను పరీక్షించినారు. మన దేశపు బీళ్లలో సహజంగా పెరుగు ఒక గడ్డి ఆయన పొలంలో బాగుగా నిలిచినందున అక్కడివారు దానికి ‘క్లెబర్గ్ గడ్డి’ అనే పేరుపెట్టినారు. అయితే ఆ తరువాత తెలిసిన సంగతిని కూడా చెప్పవలెను. ఆసియా నుండి వచ్చి కింగ్ రాంచ్ పేరుతోనే ప్రచారమైన మరొక గడ్డి టెక్సాస్‌లో తనంతట వ్యాపించి, అక్కడి సొంత గడ్డిజాతులను, వాటిపై బ్రతుకు పిట్టలను దెబ్బతీయుచున్నది. బయటి గడ్డిని తెచ్చునప్పుడు మొదట చిన్న మడిలో వేసి, గట్టు దాటి పోవునా అని కొన్ని ఏళ్లు చూచుట మంచిదని ఈ అనుభవం నేర్పుచున్నది.

కరవు ఏళ్లు

1950 నుండి 1957 వరకు టెక్సాస్‌ను భయంకరమైన కరవు పట్టినది. అనేకమంది పశువులను అయినకాడికి అమ్మి పట్టణాలకు వెళ్లినారు. ఆ కరవులో టెక్సాస్ పశుపోషకులు నాగజెముడు ముళ్లను మంటతో కాల్చి పశువులకు మేపినారు. దానిలో నీరు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. కావున దానితోపాటు పత్తిగింజల పిండి వంటిది పెట్టవలసి యుండును. మందను ముందుగానే తగ్గించి, మేలైన ఆవులను, పెయ్యలను మిగుల్చుకొన్నవారు కరవు తీరగానే కోలుకున్నారు. గడ్డి వేళ్లు చచ్చువరకు మేపినవారికి వాన వచ్చినను పచ్చిక రాలేదు.

ఇంటి మనిషి

1926లో రాబర్ట్ గారు హెలెన్ క్యాంబెల్‌ను పరిచయమైన 17 రోజులకే వివాహమాడినారు. వారికి ఒక్కతే కూతురు. ఆమె చిన్ననాటి నుండి గుర్రమెక్కి మంద పనులు నేర్చి, పెద్దయిన పిమ్మట తానే పశువులను, గుర్రాలను పెంచినది. వారి ఇంట గుర్రం కూడా పనిలో భాగమే. ఆయన పెంచిన ‘అసాల్ట్’ అను గుర్రం చిన్నతనంలో గిట్టకు గాయమై కాలు వంకరపోయినను 1946లో అమెరికా దేశపు మూడు ప్రధాన పందేలను గెలిచినది. కుంటిదని దానిని ముందే తీసివేసి ఉన్నచో ఆ కీర్తి దక్కెడిది కాదు. 1963లో భార్య చనిపోయినది. ఆ తరువాత ఆయన మరి 11 ఏళ్లు పనిచేసినారు.

ఆ క్షేత్రపు కాపరులు 1854లో కరవుపడిన ఒక మెక్సికో గ్రామం నుండి రిచర్డ్ కింగ్ వెంట వచ్చినవారి సంతతి. తండ్రి, కొడుకు, మనుమడు వరుసగా అదే మందను కాచినారు. రాబర్ట్ గారు వారితో వారి స్పానిషు భాషలోనే మాట్లాడెడివారు. ఏ ఆవు ఏ ఆవు కూతురో, ఏ దూడ ఎప్పుడు డస్సినదో మొదట కనిపెట్టునది కాపరియే. పశువుల లెక్క వ్రాసుకొను ప్రతి ఇంటివారు మేపువాని మాట కూడా వినవలెను.

విదేశాలలో ఆయన చేసిన విస్తరణ అంతయు కలిసిరాలేదు. 1952లో క్యూబాలో ఆరంభించిన పశుక్షేత్రం 1959లో అక్కడి విప్లవ ప్రభుత్వం చేతికి పోయినది. అదే 1952లో ఆస్ట్రేలియాలో కాలుపెట్టి, అక్కడ తన జాతి పశువులను నిలుపగలిగినారు.

మన ఇంట చేయదగిన పనులు

తూనిక, పుస్తకం, ఉప్పుతొట్టి – వీటికి లక్ష ఎకరాలు అక్కరలేదు. రైతు సోదరులు ఈ క్రింది పనులను ఈ ఏడే ఆరంభించవచ్చును.

1. ప్రతి ఆవుకు ఒక పుట కేటాయించి, ఎదకు వచ్చిన తేది, కట్టించిన ఆబోతు, ఈనిన తేది, దూడ ఆడో మగో వ్రాయవలెను. ఒక ఈతకు, మరియొక ఈతకు మధ్య ఎన్ని నెలలు పట్టినదో చూచినచో ఏ ఆవు ఉంచదగినదో తేలును.

2. తూకపు యంత్రం లేనిచో టేపుతో బరువు కట్టవచ్చును. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను, భుజపు ఎముక కొన నుండి పిరుదు ఎముక కొన వరకు పొడవును అంగుళాలలో కొలవవలెను. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దానిని పొడవుతో గుణించి, 300తో భాగించినచో బరువు పౌనులలో వచ్చును. ఛాతీ 60, పొడవు 50 అంగుళాలైనచో 600 పౌనులు, అనగా దాదాపు 272 కిలోలు. దూడలను ప్రతి నెలా ఒకే తేదీన కొలిచి వ్రాయవలెను.

3. పశువు మన్ను, ఎముక నమలినచో లవణ మిశ్రమం పెట్టి, కడుపులో పురుగులకు మందు త్రాగించి చూడవలెను. తగ్గనిచో పశువైద్యునికి చూపవలెను.

4. ఊరి ఆబోతును కేవలం కొమ్ములు, రంగు చూచి ఎన్నుకోరాదు. దాని తల్లి పాలు, ఈతల లెక్క, దాని దూడల పెరుగుదల అడిగి తెలుసుకొనవలెను. ఒంగోలు జాతి గురించి గుంటూరు వద్ద లాం ఫారంలోని పశు పరిశోధన కేంద్రం వారిని సంప్రదించవచ్చును. కృత్రిమ గర్భధారణ కొరకు దగ్గరి పశువైద్యశాలకు వెళ్లవలెను.

5. గ్రామపు బీడును భాగాలుగా చేసి, వానలు పడిన తరువాత ఒక భాగాన్ని విత్తనం రాలువరకు మేపకుండ ఉంచుటకు గ్రామాధికారులు, పెద్దలు కలిసి కట్టుబాటు చేయవలెను. ఒక్క రైతు తన పశువులను ఆపినందువలన ఫలం లేదు.

ఒంగోలు పశువును పరదేశాలవారు తీసుకొనిపోయి, లెక్క వ్రాసి, ఎన్నుకొని, మేతలోని లోపం తీర్చి తమ సంపదగా చేసుకున్నారు. నేడు బ్రెజిల్ దేశపు మాంసపు పశువులలో అత్యధిక భాగం ఆ ‘నెల్లూరు’ రక్తమే. ఆ రక్తం మన దొడ్లలో ఇంకను మిగిలి ఉన్నది. ఈ వానకాలంలో పెయ్యలు ఎదకు రాకమునుపే పై పుస్తకాన్ని తెరచి, మొదటి పుటలో ఇంటిలోని పెద్ద ఆవు వివరాలతో వ్రాత ఆరంభించవలెనని కోరుచున్నాము.